నమూనాగా పంపిన ముఖం

గౌనిపల్లిలో ఒక ఇంటి గోడ మీద నా భర్త ఫోటో చూశాను. దానికి చామంతి దండ వేసి ఉంది. అద్దం మీద, సరిగ్గా నుదురు ఉన్నచోట, కుంకుమ బొట్టు ఉంది. కింద పీట మీద కొత్త పంచె, తువ్వాలు, ఒక బీడీకట్ట. ఆ ఇంటివాళ్లు నా భర్తను ఏనాడూ చూసినవాళ్లు కారు. ఆయన పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆయన బీడీ తాగేవాడు కాదు.

ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే నా పని గురించి చెప్పాలి.

నేను పాత ఫోటోలు బాగుచేస్తాను. చెదలు తిన్నవి, తడిసినవి, మడతల్లో చిరిగినవి. చనిపోయినవాళ్ల ఫోటో సరైనది లేనప్పుడు, ఉన్న ముక్క తీసుకుని, గోడకు పెట్టుకోదగ్గ ముఖం తయారుచేస్తాను. కోలారు జిల్లాలో ఈ పనికి కొదవ లేదు. పల్లెల్లో పెళ్లికి ముందు పోయిన పెద్దలకు కొత్త బట్టలు పెట్టుకుంటారు, దానికి ఫోటో కావాలి. మా క్రైస్తవులకైతే జ్ఞాపకార్థ కూడికకు కావాలి, సమాధి రాయి మీద అతికించడానికి కావాలి. బతికున్నప్పుడు కెమెరా ముందు నిలబడే తీరిక లేనివాళ్లే ఎక్కువమంది.

బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో, బజారు వీధిలో మాకు చిన్న స్టూడియో ఉండేది. ముందు గదిలో ఆయన, వెనక గదిలో కంప్యూటరు ముందు నేను. మాట్లాడటం ఆయన పని. సగం అయిన ఫోటో చూసి ఎవరైనా మొహం చిట్లిస్తే ఆయన గొంతు వెనక గదిలోకి వినిపించేది.

"ఏమప్పా, పిండి చూసి ఇడ్లీ బాగలేదంటావా? ఇంగా ఆవిరి పట్టాల. పోయి శుక్రవారం రా."

వచ్చినవాళ్లు నవ్వి వెళ్లిపోయేవారు. శుక్రవారం వచ్చేవారు. నాకు ఆ పద్ధతి నచ్చేది కాదు. అలా చెప్తే వాళ్లకు ఏం తెలుస్తుంది, పని ఎన్ని దశల్లో జరుగుతుందో, ఏ దశలో వాళ్లు ఏం చెప్పాలో వివరంగా చెప్పాలి కదా అనేదాన్ని.

"నువ్వు పుస్తకాలు చదివేదానివి," అనేవాడు. "వాళ్లు నా మాట యాడ వింటారు? నా మొగం చూస్తారు. తొందరపడద్దని మొగంలోనే తెలిసిపోతాది."

ఆయన పోయాక స్టూడియో మూసేశాను. కంప్యూటరు ఇంటికి తెచ్చుకున్నాను. మాది గని కార్మికులకు కట్టిన లైను ఇల్లు. గాలి అటు నుంచి వీస్తే, బంగారం తీశాక పోసిన మట్టి, ఆ సైనైడ్ దిబ్బ దుమ్ము కీబోర్డు మీద పడుతుంది, దాని మీద గుడ్డ కప్పి ఉంచుతాను. పని ఫోన్లో వస్తుంది. మాట్లాడటం కూడా ఇప్పుడు నా పనే. ఎదురుగా మనిషి లేకుండా మాట్లాడటం నాకు తేలికగానే అనిపించింది. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ ఒక వాయిస్ మెసేజ్ పంపేదాన్ని. ముందు ఫోటోను పెద్దది చేస్తాననీ, తర్వాత ముఖంలో లేని భాగాలను రక్తసంబంధీకుల ముఖాల నుంచి తీసుకుని నింపుతాననీ, ఆ మనిషిని చూసినవాళ్లు చెప్పే మాటను బట్టి దిద్దుతాననీ, బట్టలూ వెనక రంగూ చివర్లో వస్తాయనీ, నేను పూర్తయిందని చెప్పేదాకా ప్రింటు తీయించవద్దనీ అందులో ఉండేది. మబ్బులూ, తామరపూలూ, తల వెనక వెలుగూ పెట్టనని కూడా ఉండేది. పంపేముందు ఒకసారి విని, వాక్యం తడబడినచోట మళ్లీ చెప్పేదాన్ని.

జవాబుగా చేతులు జోడించిన బొమ్మ వచ్చేది. విన్నారని అనుకునేదాన్ని.

కొందరు శాంపిల్ చూపించమని అడిగేవారు. అడగడం న్యాయమే. కానీ ఒకరి ఇంట్లో పోయినవాళ్ల ముఖాన్ని ఇంకొకరికి చూపించడం నాకు ఇష్టం లేదు. స్టూడియోలో ఉన్నప్పుడు ఆయన కూడా ఒప్పుకునేవాడు కాదు. చూపించడానికి నాకు హక్కున్న ముఖం ఒక్కటే ఉంది.

ఊరందరికీ ఫోటోలు తీసిన మనిషికి తన ఫోటో ఒక్కటి సరైనది లేదు. పెళ్లినాటివి ఉన్నాయి, వాటిలో వేరే మనిషిలా ఉంటాడు. చర్చి పురుషులంతా పిక్నిక్ వెళ్లినప్పుడు తీసిన గ్రూపు ఫోటో ఒకటి దొరికింది. కెమెరాకు టైమరు పెట్టి పరిగెత్తుకుంటూ వచ్చి చివర్లో నిలబడ్డాడు. ముఖం కదిలిపోయింది. దాంట్లోంచే తీశాను. గడ్డం సరిగ్గా రాకపోతే మా మరిది గడ్డం తీసుకున్నాను. ఆయన పోయిన వారం, ప్రార్థనకు వచ్చిన జనం ఇంటి ముందు గది నిండా కూర్చుని పాటలు పాడుతుంటే వెనక కూర్చుని ఆయన ముఖం తయారుచేశాను. అలవాటు కొద్దీ ప్రతి దశనూ విడిగా దాచాను. గ్రూపు ఫోటో, పెద్దది చేసి మసకగా ఉన్నది, సగం నిండినది, తెల్లచొక్కాతో పూర్తయినది. శాంపిల్ అడిగినవాళ్లకు ఆ నాలుగూ పంపడం మొదలుపెట్టాను.

శాంపిల్ మీద నమూనా అని అడ్డంగా రాయడం పద్ధతి. ఒకసారి రాసి చూశాను. అక్షరాలు కళ్ల మీద పడ్డాయి. తీసేశాను.

గౌనిపల్లి నుంచి ఫోన్ వచ్చినప్పుడు మామిడికాయలు కోతకు వస్తున్నాయి. ఫోన్ చేసినాయనకు మామిడి తోట, నాలుగు పాడి ఆవులు. ఫోన్లో వెనక ఆవు అరుస్తోంది.

"మేడమ్, మా నాయన ఫోటో ఒకటి చేసియ్యాల. మీ కె.జి.ఎఫ్.లోనే మైన్లో ఉండె. ఆడే పోయినాడు. అప్పుడు నేను చంటిబిడ్డని."

"ఏ ఫోటో ఉంది మీ దగ్గర?"

"ఉండాది అంటే ఉండాది. షిఫ్టువాళ్లంతా నిలబడిండేది. దాంట్లో మా నాయన తల కందిగింజంత ఉండాది."

ఎయిర్ బ్లాస్ట్‌లో పోయాడని చెప్పాడు. గని లోతుల్లో రాయి తనంతట తానే పగిలి మనుషుల మీద పడటాన్ని మా ఊళ్లో అలా అంటారు. మా లైన్లలో ఆ మాట తెలియని ఇల్లు లేదు కాబట్టి నేను మళ్లీ అడగలేదు. భర్త పోయాక వాళ్లమ్మ బిడ్డను ఎత్తుకుని పుట్టిల్లు గౌనిపల్లికి వచ్చేసింది. ఇప్పుడు ఆ బిడ్డే తన కూతురికి పెళ్లి చేస్తున్నాడు.

"పెండ్లికి ముందర బట్టలు పెట్టేటప్పటికి మా నాయన గోడ మీద ఉండాల మేడమ్. మా యమ్మ నన్ను ఇన్నేండ్లలో అడిగింది ఇదొక్కటే. ఆయప్ప మొగం ఇంగొక్కసారి చూడాలంట." కొంచెం ఆగి అన్నాడు: "నేను చూసిందే లేదు. అద్దంలో నా మొగమే చూసుకొని ఇట్లుంటాడేమో అనుకొంటా ఉంటాను."

"అమ్మకు చూపు ఎట్లుంది?"

"ఒక కంటికి ఆపరేషన్ అయినాది. ఇంగోటి మసక. దగ్గరికొస్తే మనిషిని గుర్తుపడతాది."

ఫోటో పంపాడు. గని బావి ముందు నిలబడిన మనుషులు, తలలకు టోపీలు, రెండో వరసలో వాళ్ల నాన్న. టోపీ నీడ ముక్కు దాకా పడింది. కింద గడ్డం మాత్రం కనిపిస్తోంది. ఇలాంటి ఫోటో నుంచి వచ్చేది చాలా తక్కువ. కొడుకు ముఖం సగం ఇస్తుంది. మిగతాది వాళ్లమ్మ నోటి నుంచి రావాలి. ఆ ముఖం గుర్తున్న మనిషి ఇంకెవరూ బతికి లేరు.

శాంపిల్ అడిగాడు. నాలుగు ఫోటోలూ పంపి, వాయిస్ మెసేజ్ పెట్టాను. సగమైన దశలో ఉన్నప్పుడు ఎవరైనా నిరుత్సాహపడతారు కాబట్టి, ఈసారి మొదట్లోనే ఒక మాట చేర్చాను: మొదట మీరు గుర్తుపట్టలేకపోవచ్చు, చూడగా చూడగా పోలిక తెలుస్తుంది.

మర్నాడు జవాబు వచ్చింది. "చాలా బాగుండాది మేడమ్. అమ్మకు కూడా చూపించినాను. సంతోషం." పని తీరు నచ్చిందనుకున్నాను.

మొదలుపెట్టాను. ఆయన సొంత ఫోటో ఒకటి పంపమన్నాను, పంపాడు. ముక్కు మీ ముక్కులాగే ఉండేదా, అమ్మను అడిగి చెప్పండి అని రాశాను. "అంతా కరెక్టు మేడమ్," అని వచ్చింది. రంగు అడిగాను. "కలర్ సూపర్," అని వచ్చింది. అడిగినదానికి జవాబు చెప్పకుండా ఇలా మెచ్చుకునేవాళ్లు నాకు కొత్త కాదు. విసుగు వచ్చింది. ఇక ఆమెనే అడగాలని, నేను వస్తున్నానని ఫోన్ చేశాను.

"రాండి మేడమ్. మంచి దినాన వస్తా ఉండారు," అన్నాడు.

కోలారులో బస్సు మారి, శ్రీనివాసపురంలో ఇంకోటి ఎక్కి వెళ్లాను. దారి పొడుగునా మామిడి బుట్టలు ఎక్కిస్తున్నారు. ఇంటి ముందు పందిరి వేసి ఉంది. ఒక చెప్పు విడిచి, రెండోది విడవబోతూ తలెత్తి లోపలికి చూశాను.

ఆయన నావైపే చూస్తున్నాడు.

ఇది రాసేటప్పుడు కూడా ఆ క్షణాన్ని దేనితోనూ పోల్చాలని లేదు. ముందు అనుకున్నది చాలా మామూలు విషయం. ఈయన ఇక్కడికి ఎందుకు వచ్చాడు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. తర్వాత దండ కనిపించింది. తర్వాత బొట్టు.

"చూసినారా మేడమ్, మీ పని," అన్నాడు ఆ ఇంటాయన. చేతిలో కర్పూరం పళ్లెం ఉంది. "శ్రీనివాసపురంలో ఫ్రేము కట్టించినాను. చూసినోళ్లంతా నా పోలికే అంటా ఉండారు."

"చెవులు చూడండి, అచ్చం ఈయన చెవులే," అంది ఆయన భార్య. "మామ ఇంత లక్షణంగా ఉంటాడని ఎవరికి తెలుసు? ఈయన్ని చూసి మోసపోతిని."

అందరూ నవ్వారు. నాకు మంచినీళ్లు ఇచ్చారు. లోటా పట్టుకుని నిలబడ్డాను. ఒక చెప్పు ఇంకా కాలికే ఉంది.

"ఈ ఫోటో మీకు ఎవరిచ్చినారు?" అని అడిగాను.

"మీరే కదా మేడమ్, శాంపిల్ అడిగితే మా నాయన్నే చేసి పంపితిరి," అన్నాడు. ఫోన్ తీసి చూపించాడు. నాలుగు ఫోటోలూ వరసగా ఉన్నాయి. వాటి కింద నా వాయిస్ మెసేజ్. "పాలు పోసే దగ్గర పెట్టుకొని విన్నాను. ఆడ గలాటా. మొదులు సొల్పం వినిపిచ్చింది, మొదట గుర్తుపట్టలేరు, చూడగా చూడగా తెలుస్తాదని. అదే మా యమ్మకి చెప్పినాను. అమ్మా, ఆ మేడమ్ చెప్పింది, చూడగా చూడగా తెలుస్తాదంట అని."

నా మాట, ఆ ఒక్కటే, నాకు తిరిగి వచ్చింది. మిగతాదంతా ఎవరూ వినలేదు.

ఆయన్ను పందిరి దాటి ఆవుల దగ్గరికి తీసుకెళ్లాను. నాకు నా భర్తలా మాటను తేలిక చేసి చెప్పడం రాదు.

"అది మీ నాయన కాదు," అన్నాను. "నా భర్త. పని ఎట్లా జరుగుతుందో తెలియాలని పంపినాను."

ఆయన ముందు నవ్వాడు. నేను తమాషా చేస్తున్నాననుకున్నాడు. తర్వాత తలుపులోంచి కనిపిస్తున్న ఫోటోను చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫోటోను చూశాడు.

"అట్లయితే మా నాయన యాడ?"

"ఇంకా కాలేదు."

"దినామూ పొద్దున్నే లేచి మొక్కుకొంటా ఉండానే," అన్నాడు. "నా కూతురి పెండ్లిపత్రిక మొదుటిది తీసుకొనిపోయి ఆయన ముందర పెట్టినానే." గొంతు పెద్దది చేయలేదు. ఆవు మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "మా యమ్మకి చెప్పద్దండి మేడమ్. ఈ పొద్దు వద్దు."

సరే అనలేదు, కాదనలేదు. నాకు అప్పటికి ఒక నమ్మకం ఉంది. కొడుక్కి తెలియకపోవచ్చు, పోయినాయన భార్యకు తెలియకుండా ఉండదు. ఏదో కారణం చేత ఊరుకుని ఉంటుందనుకున్నాను. వెళ్లి ఆమె మంచం పక్కన కూర్చున్నాను. పెద్దావిడ, సన్నటి మనిషి. నా చెయ్యి పట్టుకుని మొహం దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"నువ్వేనా అమ్మా చేసింది? దీర్ఘాయుష్షు ఉండాల నీకు."

"అవ్వా, తాత ఎట్లుండేవాడో ఒకసారి నాకు చెప్పు," అన్నాను.

"ఆడ ఉండాడు కదా." గోడవైపు చెయ్యి చూపించింది.

"అటు చూడద్దు. కండ్లు మూసుకొని చెప్పు."

మూసుకుంది. "నుదురు పెద్దది," అంది. "కనుబొమ్మలు ఒకదానికొకటి తగులుతా ఉంటాయి. నవ్వేటప్పుడు ఎడం పక్క పెదివి సొల్పం పైకి పోతాది, నవ్వకపోయినా అట్లే ఉంటాది. ఎప్పుడూ పరిగెత్తి వచ్చి నిలబడినట్టుంటాడు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె చెప్పిన ప్రతిదీ నా భర్తదే. ఆ పెదవి గురించి నాకు తప్ప ఎవరికీ తెలియదనుకునేదాన్ని. పరిగెత్తి వచ్చినట్టు ఉండటం, అది ఆ పిక్నిక్ నాటి టైమరు.

ఆమె కళ్లు తెరవకుండానే మాట్లాడుతోంది.

"మొదుటి దినం ఈయన కాదే అనుకొంటిని. మా ఆయన ఇంగా నలుపు. మొగం ఇంత నున్నగా ఉండేది కాదు. మల్లా అనుకొంటిని, ఫోటో అబద్ధం చెప్తాదా, ముసిలిదాని బుద్ధి అబద్ధం చెప్తాదా? వాడేమో నాయనా నాయనా అని ఏడుస్తా ఉండాడు. నువ్వు చూడగా చూడగా తెలుస్తాదన్నావంట. చూసినాను. పొద్దున్నే లేస్తే ఆయన్నే చూసినాను. నిజమేనమ్మా. ఇప్పుడు మా ఆయన్ని తలుచుకొంటే ఈయనే వస్తాడు. ముందర వచ్చేటోడు రావడంలే."

వాకిట్లో నేను చూసింది నా భర్త ముఖాన్ని మరొకరు తమ గోడ మీద పెట్టుకోవడం. ఇది అది కాదు. ఆ గని కార్మికుడి ముఖం లోకంలో ఒకే ఒక్క చోట మిగిలింది. దాన్ని నేను, వివరంగా, వాక్యం తడబడకుండా చెప్పి, చెరిపేశాను. ఇక నేను ఏ ప్రశ్న వేసినా నా భర్తే జవాబుగా వస్తాడు.

చెప్పేశాను. కొడుకు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, అయినా చెప్పేశాను.

ఆమె కళ్లు తెరిచి గోడవైపు చూసింది. లోపల ఎవరో కొబ్బరికాయ పీచు తీస్తున్నారు.

"నీ మొగుడా?" అంది చివరికి.

"అవును."

"పోయినాడా?"

"పోయినాడు."

"ఇన్నేండ్లు యారికీ ఇయ్యకుండా పెట్టుకొంటిని అమ్మా నేను," అంది. "ఫోటో లేదు, బట్ట లేదు, మనిషిని బయటికి తెచ్చినప్పుడు మొగం కూడా చూడనీలేదు. ఉండిందంతా తలకాయలో ఉండె. అది తీసేస్తివి కదా."

తిట్టి ఉంటే బాగుండేది. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. 

కొడుకు వచ్చి ఫోటో దించాడు. తువ్వాలుతో అద్దం తుడిచి, నా చేతికిచ్చి, గోడ మీద ఖాళీగా ఉన్న మేకును చూస్తూ నిలబడ్డాడు. పీట మీద బట్టలు అలాగే ఉన్నాయి.

"ఏంట్రా అట్లా నిలబడితివి?" అంది ఆమె. "ఇన్నేండ్లు చెంబులో నీళ్లు పెట్టి దానికి పెట్టుకొంటిమి కదా బట్టలు. చెంబు తెచ్చి పెట్టు." నావైపు తిరిగింది. "ఆ బీడీలు నీ మొగుడికే పెట్టేస్తిని. తాగేటోడా?"

"లేదవ్వా."

"ఏం తాగేటోడు?"

"కాఫీ."

"ఏమ్మే, కాఫీ తీసుకొనిరా," అని కోడల్ని కేకేసింది. కోడలు తెచ్చిన లోటా నా ఒళ్లో ఉన్న ఫోటో ముందు, మంచం కోడు పక్కన పెట్టించింది. "మా ఇంటికొచ్చి ఉత్తినే పోకూడదు," అంది. మా చర్చిలో ఇలాంటివి తప్పు. నేను వద్దనలేదు.

మళ్లీ అడగడానికి నాకు ధైర్యం లేదు. అడిగింది కొడుకు.

"ఏమన్నా ఒకటి గుర్తుకు తెచ్చుకోమ్మా. మొగం కాకపోతే ఇంగేమన్నా."

"మొగం నేను జాస్తి చూసిందే లేదురా," అంది ఆమె. "అప్పుడు లైన్లో మన ఇంటికి కరెంటు లేదు. తెల్లారకముందే పోయేటోడు, చీకటి పడినాక వచ్చేటోడు. నాకు చేతికే తెలుసు." ఆ మాట తనే విన్నట్టు ఆగింది. తర్వాత, "ఇట్లా రా. కూర్చో," అంది.

ఆయన నేల మీద, మంచానికి ఆనుకుని కూర్చున్నాడు. ఆమె కళ్లు మూసుకుని రెండు చేతులూ ఆయన ముఖం మీద పెట్టింది. ఫోటో నా ఒళ్లో బోర్లా తిప్పి పెట్టుకున్నాను.

"ముక్కు ఇదే," అంది. "దీంట్లో మార్చొద్దు. దవుడ వీనిది కాదు, ఇది మా అన్నది. ఆయనకి ఇక్కడ ఎముక తగిలేది. కదలొద్దురా, మేకపిల్ల మాదిరి. బుగ్గలు ఇంత లేవు, వీడు పాలు తాగి ఉబ్బినాడు. నుదురు చిన్నది. ఇదో, ఇక్కడ, కనుబొమ్మ నడుమ గంటు. రాయి తగిలింది. ఆడ వెంట్రుక మొలవలే. వేలు పెడితే వేలు ఆగేది."

ఆ వేలు ఆగిన చోట నా వేలు పెట్టి కొలిచాను. కొడుకు కళ్లలోంచి నీళ్లు ఆమె చేతుల మీద పడుతున్నాయి. ఆమె తుడుచుకుంటూ, ముఖం మీద చెయ్యి తీయకుండా, చెప్తూనే ఉంది.

ఆ ఫోటోను ఒళ్లో పెట్టుకుని బస్సులో తిరిగి వచ్చాను.

తర్వాత పని నిదానంగా చేశాను. సగమైనది ఏదీ పంపలేదు. ఒక్క తప్పు ముఖం చూసినా అది మళ్లీ ఆమె తలలో కూర్చుంటుంది. అనుమానం వచ్చినప్పుడు ఫోన్ చేసి, కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని ముట్టి చెప్పమనేదాన్ని. ఆమె విసుక్కునేది. "నీ మొగుడు ఈమధ్య సొల్పం తక్కువ వస్తా ఉండాడు," అని ఒకసారి చెప్పింది. అది నాకు మంచి కబురో కాదో తెలియలేదు.

పూర్తయ్యాక నేనే తీసుకెళ్లాను. పెళ్లి అయిపోయింది, పందిరి విప్పేశారు. ఆమె ఫ్రేము రెండు చేతులా పట్టుకుని బాగున్న కంటి దగ్గరికి తెచ్చుకుంది. ఈసారి నేను చూడగా చూడగా అనలేదు.

"అవునామ్మా, కాదా?" అన్నాడు కొడుకు.

"ఉండు."

ఇంకా చూసింది. అరచెయ్యి అద్దం మీద పెట్టింది. అద్దం నున్నగా ఉంటుంది, అక్కడ ఆమెకు ఏమీ తగలదు.

"తెలీదురా," అంది. "కావచ్చు. ఈ గంటు మాత్రం ఆయనదే." వేలు కనుబొమ్మ మీద ఆగింది. "ఇది పెట్టండి. గంటు చూసుకొంటా ఉంటాను."

మేకు అక్కడే ఉంది. కొడుకు తగిలించాడు. ఆయన దానివైపు చూడటానికి కొంచెం జంకుతున్నట్టు కనిపించింది. చేతులు జోడించలేదు. పక్కన నిలబడ్డాడు, అంతే. నేను బయల్దేరుతుంటే బస్టాండు దాకా వచ్చి, బస్సు ఎక్కాక కిటికీ దగ్గర నిలబడి, "ఇంగోసారి అంతా వినే పెట్టుకొంటాను మేడమ్," అన్నాడు. తప్పు తనదని ఆయన అనుకుంటున్నాడు. కాదని చెప్పేలోపు బస్సు కదిలింది.

నాలుగు నమూనాలనూ తీసేశాను. ఇప్పుడు ఎవరైనా పని ఇస్తే ముందు వెళ్లి కలుస్తాను. ఎదురుగా కూర్చుని కొద్దిగానే చెప్తాను, చెప్పింది నాకు తిరిగి చెప్పమంటాను. ఏం అర్థమైందో అప్పుడు తెలుస్తుంది. దూరమని కొందరు వద్దంటారు. శాంపిల్ అడిగితే లేదంటాను.

ఆ ఫ్రేము మా ఇంట్లో ఉంది. అంచు దగ్గర అద్దానికీ చెక్కకీ మధ్య కొంచెం కుంకుమ ఇరుక్కుంది, తీస్తే రాలేదు. గౌనిపల్లి నుంచి వచ్చిన రోజే కళ్లు మూసుకుని ఆయన్ను తలుచుకుని చూశాను. తెల్లచొక్కా వచ్చింది. ఆ గడ్డం వచ్చింది, మా మరిది గడ్డం. నేను చేసిన ముఖమే వచ్చింది, ఎన్నిసార్లు తలుచుకున్నా అదే. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్న మనిషి. భయం వేసి కళ్లు తెరిచాను.

తర్వాత ఆవిడ చేసినట్టే చేశాను. నాకు ముట్టుకోవడానికి కొడుకు లేడు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి ఒకటి దొరికింది. మెడ వెనక, చొక్కా కాలరు కింద, చిన్న గడ్డ. కందిగింజంత. నొక్కితే పక్కకు జరిగేది, ఆయన చక్కిలిగింత అని తల విదిలించేవాడు. అది ఏ ఫోటోలోనూ లేదు.